చీకటి నీళ్లలో దిగే ముందు: విశాఖ రెస్క్యూ డైవర్లకు పరికరాల సమగ్ర మార్గదర్శి

ఎవరైనా నీళ్లలో గల్లంతైతే మర్నాడు పేపర్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది: "ఆక్సిజన్ సిలిండర్లతో గజ ఈతగాళ్లు గాలింపు చేపట్టారు." అందులో రెండు పొరపాట్లున్నాయి. ఆ సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. వడకట్టి, ఒత్తిడితో కుక్కి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటి దిగితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, నీటి అడుగున మూర్ఛ వస్తే బతకడం కష్టం. ఇక రెండోది, అడుగున జరిగే పని ఈత కాదు. బురదలో బోర్లా పడుకుని, కళ్లు ఉన్నా లేనట్టే, రెండు చేతులతో తడుముకుంటూ పాకడం. ఎంత గొప్ప ఈతగాడికైనా అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన విద్యే.

ఆ తడుములాటలో ఏ పరికరం ఏం చేస్తుంది, దాన్ని ఏ వరసలో కట్టుకోవాలి, ఎక్కడ మోసం చేస్తుంది అన్నదే ఈ వ్యాసం. విశాఖలో సరదాకి స్కూబా నేర్చుకుని రెస్క్యూ వైపు రావాలనుకుంటున్న కుర్రాళ్లు, సముద్రం మీదే పుట్టి పెరిగిన జాలరిపేట పిల్లలు, ఫైర్, పోలీసు శాఖల్లో కొత్తగా చేరినవాళ్లు నా మనసులో ఉన్న పాఠకులు. ఒక్క మాట. ఇది చదివేసి దిగకండి. ఓపెన్ వాటర్ కోర్సు (18 మీటర్ల వరకు), అడ్వాన్స్‌డ్ (30 మీటర్లు), ఆ తర్వాత రెస్క్యూ డైవర్, దానిపైన చీకటి నీళ్లలో వెతకడానికి విడిగా శిక్షణ. ఈ మెట్లు ఎక్కాకే ఇక్కడ రాసింది చేతికి పనికొస్తుంది.

స్కూబా పనికిరాని చోటు ముందు తెలుసుకోండి

ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో ఒకరిని కెరటం లాక్కుపోయిందనుకోండి. సిలిండర్ కట్టుకుని సిద్ధం కావడానికి ఆరితేరిన డైవర్‌కైనా ఐదారు నిమిషాలు పడుతుంది. మునుగుతున్న మనిషికి అంత సమయం ఉండదు. పైగా కెరటాలు విరిగేచోట వీపు మీద పదిహేను కిలోల సిలిండర్‌తో నిలబడటమే కష్టం. అక్కడ కావాల్సింది కాళ్లకు ఫిన్స్, చేతిలో రెస్క్యూ ట్యూబ్ లేదా సర్ఫ్ బోర్డు, ఒడ్డున విసిరే తాడు. ఏమీ లేకపోతే మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా అయినా విసరండి, పట్టుకుని తేలతారు. మన తీరంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా రిప్ కరెంటే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక సన్నని దారిలో వెనక్కి పరుగెడతాయి. దానికి ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదితే బయటపడతారు.

స్కూబా అక్కరకొచ్చేది వేరేచోట. ఫిషింగ్ హార్బర్‌లో బోటు పక్కన జారిపడినవాళ్లు, తిరగబడ్డ పడవ, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వల, మేఘాద్రిగెడ్డ లాంటి రిజర్వాయర్లు, చుట్టుపక్కల నీళ్లు నిండిన క్వారీ గుంతలు. కెరటాలు లేని నీళ్లు, కానీ ఏమీ కనపడని నీళ్లు.

ఫోన్ ముందు, బ్యాగు తర్వాత. 112, అంబులెన్స్‌కి 108, సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554.

మొదటి మెట్టు: నీళ్లను కాదు, మనుషుల్ని అడగండి

ఘటనా స్థలానికి వెళ్లగానే చేసే పని సాక్షుల్ని పట్టుకోవడం. "ఎక్కడ మునిగాడు?" అని అడిగితే అందరూ చెయ్యి ఊపి నీళ్లవైపు చూపిస్తారు. అది చాలదు. ఆ క్షణంలో వాళ్లు ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా అక్కడే మళ్లీ నిలబెట్టి, వేలుతో చూపించమనండి. వేరే చోటు నుంచి చూసిన ఇంకొకరితో కూడా అలాగే. రెండు వేళ్ల గీతలు కలిసేచోట గుర్తుగా తేలే ఒక బోయా వేయండి. ఈ ఐదు నిమిషాలు నీటి కింద ఒక గంట వెతుకులాటను మిగులుస్తాయి. సాక్షుల్ని మాత్రం ఒకరి మాట ఒకరు వినకుండా విడివిడిగా అడగాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి మాటా అయిపోతుంది.

హార్బర్‌లో అయితే తప్పకుండా ఒక పెద్దాయన్ని వెతికి అడుగుభాగం గురించి అడగండి. ఒకసారి నేను బెల్ట్ బిగించుకుంటుంటే పక్క బోటు మీద వల బాగుచేసుకుంటున్న ఆయన తలెత్తకుండానే, "అటేపు దిగకు బాబూ, తెగిన వలలన్నీ అక్కడే ఉన్నాయి" అన్నాడు. ఏ సోనార్ చెప్పే ముక్క అది!

రెండో మెట్టు: తాడు

సిలిండర్ కంటే ముందు తాడు గురించి రాస్తున్నానంటే కారణం ఉంది. చీకటి నీళ్లలో జతగా దిగిన డైవర్, అంటే బడ్డీ, పక్కనే ఉన్నా కనపడడు. ఇద్దరు దిగితే ఒకరి ఫిన్ ఒకరి మాస్క్‌ని తన్నడమే. అందుకే ఇక్కడ పద్ధతి వేరు: కింద ఒక్కరు, పైన తాడు పట్టుకుని ఒకరు. పైనున్న మనిషిని టెండర్ అంటాం. నీ బడ్డీ అతనే.

తాడు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, నీటిపై తేలేది, మెరిసే రంగుది అయితే మంచిది. దాన్ని బీసీడీకి (సిలిండర్‌ని మోస్తూ, గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్) కట్టకండి. ఛాతీ చుట్టూ ముందు హార్నెస్ వేసుకుని, తాడును లాక్ అయ్యే కారబినర్‌తో దానికి తగిలించి, దానిపైన బీసీడీ తొడుక్కోవాలి. రేపు ఏ కడ్డీకో చిక్కుకుని బీసీడీ విప్పేయాల్సి వస్తే తాడు మాత్రం ఒంటి మీదే ఉండాలి కదా. పారే నీళ్లలో ఇదే తాడు శత్రువు అవుతుంది. ప్రవాహం మనిషిని తాడు చివర గాలిపటంలా నిలబెట్టి ముంచేస్తుంది. గోదావరి లాంటి చోట ఒక్క లాగుడుతో ఊడిపోయే హార్నెస్ లేకుండా తాడు కట్టుకోవద్దు.

తాడు భాష ఒక్కో జట్టుకి ఒక్కోలా ఉంటుంది. మేం వాడేది ఇది. టెండర్ ఒకసారి లాగితే: బాగున్నావా? డైవర్ తిరిగి ఒకసారి లాగితే: బాగున్నాను. టెండర్ రెండుసార్లు: ఆగి, దిశ మార్చి రా. మూడుసార్లు: పైకి వచ్చెయ్. డైవర్ రెండుసార్లు: తాడు వదులు. మూడుసార్లు: దొరికింది. నాలుగు, ఆపైన ఎన్నయినా: ఇరుక్కున్నాను, మనిషిని పంపు. కొత్త జట్టుతో దిగుతుంటే ఒడ్డున కళ్లు మూసుకుని ఈ లెక్క ఒకసారి ఆడుకోండి. నవ్వొస్తుంది కానీ చెయ్యండి.

మూడో మెట్టు: గాలి లెక్క

అందరూ టెన్షన్ పడేది గాలి గురించే, లెక్క కట్టేవాళ్లు మాత్రం తక్కువ. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒత్తిడి ఇంకో బార్ పెరుగుతుంది. పైన 1 బార్, 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3. ఒత్తిడి ఎన్ని రెట్లయితే ఊపిరికి అన్ని రెట్ల గాలి ఖర్చు.

మామూలుగా దొరికే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు. 200 బార్ నింపితే 2200 లీటర్ల గాలి. చేపల్ని చూస్తూ తీరిగ్గా తిరిగే మనిషి పైన లెక్కన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడు. బురదలో పాకుతూ, గుండె దడదడలాడుతూ వెతికేవాడు 40 పీల్చినా ఆశ్చర్యం లేదు. 10 మీటర్ల లోతున అది 80 లీటర్లు. 2200ని 80తో భాగిస్తే 27 నిమిషాలు. అందులో మూడోవంతు ముట్టుకోకూడదు, ఏదైనా జరిగితే వాడుకోవడానికి. అంటే చేతిలో ఉన్నది 18 నిమిషాలు. 20 మీటర్లలో అయితే 12. "గంట సిలిండర్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఈ లెక్క టెండర్ చేతిలో కూడా ఉండాలి. డైవర్‌కి గాలి ఎంత మిగిలిందో చూపే మీటర్ కనపడదు, కనపడినా మనసు దాని మీద ఉండదు. సమయం రాసుకుని పైకి రమ్మని లాగాల్సింది టెండరే.

దీనితోపాటు విడిగా చిన్న సిలిండర్, పోనీ బాటిల్ అంటాం, దానికి సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది). 3 లీటర్లది 200 బార్ ఉంటే 600 లీటర్లు. 10 మీటర్లలో ఏడు నిమిషాలు. చిక్కు విప్పుకోవడానికో, రెండో డైవర్ వచ్చేదాకా ఆగడానికో సరిపోతుంది. సరదా డైవింగ్‌లో బడ్డీ దగ్గర ఆక్టోపస్, అంటే అదనపు రెగ్యులేటర్, ఉంటుంది కాబట్టి ఇది లేకపోయినా నడుస్తుంది. ఒంటరిగా దిగేవాడికి నడవదు.

గాలి ఎక్కడ నింపారన్నదీ ముఖ్యమే. కంప్రెసర్ గాలి లాక్కునే గొట్టం పక్కనే జనరేటర్ పొగ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా సిలిండర్లోకి వెళ్తుంది. దానికి వాసన ఉండదు. కానీ నూనె వాసనో పొగ వాసనో తగిలిందంటే ఆ సిలిండర్ పక్కన పెట్టేయండి.

నాలుగో మెట్టు: ముఖం, ఒళ్లు

శుభ్రమైన సముద్రానికి మామూలు మాస్క్ చాలు. హార్బర్ నీళ్లకి, మురుగు కలిసే కాలువలకి ఫుల్ ఫేస్ మాస్క్ కావాలి. డీజిల్, చేపల కుళ్లు, ఊరి మురుగు అన్నీ కలిసిన నీళ్లు నోట్లోకి పోకుండా మొత్తం ముఖాన్ని మూస్తుంది. స్పృహ తప్పినా రెగ్యులేటర్ నోట్లోంచి జారదు, పైనున్నవాళ్లతో మాట్లాడే పరికరమూ అమర్చుకోవచ్చు. ఖరీదు ఎక్కువ. గాలి అయిపోతే తీసేసి ఇంకోటి పెట్టుకోవడం కూడా తేలిక కాదు. అందుకే పోనీ బాటిల్ నుంచి గాలి మార్చుకునే వాల్వ్ ఉన్నదే తీసుకోండి. దాన్ని కళ్లు మూసుకుని తిప్పడం రావాలి.

విశాఖ నీళ్లలో వెట్‌సూట్ చలికోసం కాదు, తోలు కోసం. జెట్టీ స్తంభాలకు పట్టుకున్న నత్తగుల్లలు బ్లేడ్‌లా కోస్తాయి. 3 మిల్లీమీటర్ల సూట్, గట్టి గ్లౌజులు, బూట్లు చాలు. మురికి మరీ ఎక్కువైతే నీళ్లు లోపలికి రాని రబ్బరు డ్రైసూట్ వేసుకోవాలి, పైకి రాగానే విప్పకముందే మంచి నీళ్లతో కడిగించుకోవాలి.

ఐదో మెట్టు: బరువు, కత్తెర

ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం బరువు. పరికరాలతో కలిపి వంద కిలోలుండే మనిషి రుషికొండ సముద్రంలో కట్టుకున్న సీసం బెల్ట్‌తోనే మేఘాద్రిగెడ్డ మంచినీళ్లలో దిగితే రెండున్నర కిలోల సీసం ఎక్కువైపోయినట్టే. బురదలోకి కూరుకుపోతాడు. అడుగున వెతికేవాడికి కాస్త బరువు ఎక్కువుండటం మంచిదే, కానీ ఆ కాస్త ఎంతో తూచి పెట్టుకోవాలి. బెల్ట్ ఒక్క చేత్తో ఊడాలి. హార్నెస్ పట్టీలు దానిమీదుగా రాకూడదు.

కత్తి గురించి నా తప్పు చెప్తాను. సినిమాల్లో చూసినట్టు పిక్కకి పెద్ద కత్తి కట్టుకుని తిరిగేవాణ్ని. ఒకరోజు నైలాన్ వల కాళ్లకే చుట్టుకుంది. కత్తి ఆ వల కిందే ఉంది. చెయ్యి అందదు, అందినా సన్నని నైలాన్ దారం కత్తికి జారిపోతుంది తప్ప తెగదు. తాడు నాలుగుసార్లు లాగి, కదలకుండా పడుకుని, పైన సిద్ధంగా ఉండే స్టాండ్‌బై డైవర్ వచ్చి విడిపించేదాకా గాలి లెక్కపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఛాతీ దగ్గర రెండు: అంబులెన్స్ వాళ్లు బట్టలు కోసే మొద్దుమొన కత్తెర ఒకటి, చిన్న లైన్ కట్టర్ ఒకటి. కుడిచేత్తో అందేలా ఒకటి, ఎడమచేత్తో అందేలా ఒకటి. గాలాల తీగ ఉంటుందని తెలిస్తే వైరు కట్టర్ కూడా.

టార్చ్ గురించి ఎక్కువ రాయను. బురదలో అది పొగమంచులో హెడ్‌లైట్ లాంటిది, తెల్లగోడ తప్ప ఏమీ చూపించదు. మన డైవర్ ఎక్కడున్నాడో పైవాళ్లకి తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

ఆరో మెట్టు: ముగ్గురు తయారయ్యాకే ఒకరు

ఒకరు నీళ్లలో. ఇంకొకరు పూర్తిగా కట్టుకుని, మాస్క్ ఒక్కటే నెత్తిమీద పెట్టుకుని, నీటి అంచున. ఇంకొకరు దాదాపు సిద్ధంగా. టెండర్ కాక ఈ ముగ్గురు డైవర్లు లేకపోతే డైవ్ లేదు. ఒడ్డున తల్లిదండ్రులు ఏడుస్తుంటే ఈ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. "దిగవేంటి, భయమా?" అని గుంపులో ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి.

గడియారం కూడా చూడాలి. మునిగి గంటలోపు అయితే బతికే ఆశ ఉందనుకునే పని చేస్తాం, వేగంగా. ఆ తర్వాత అది శవాన్ని బయటికి తేవడమే. రాత్రి అయితే తెల్లారేదాకా ఆగొచ్చు, గాలివాన ఉంటే మర్నాడు చూడొచ్చు.

ఏడో మెట్టు: వెతకడం

ఒడ్డు నుంచి చేసే అర్ధచంద్రాకారపు వెతుకులాట అన్నిటికంటే తేలిక. టెండర్ ఒకచోట స్థిరంగా నిలబడతాడు. బోయాకి నాలుగైదు మీటర్లు అవతలికి డైవర్ వెళ్లి దిగుతాడు. తాడు బిగుతుగా ఉంచి, బొడ్డు నేలకి ఆనించి, చేతులు ముందుకు చాపి అటూ ఇటూ తుడుస్తున్నట్టు ఆడిస్తూ ఒక వైపు సాగుతాడు. వంపు చివరికి రాగానే టెండర్ రెండుసార్లు లాగుతాడు. డైవర్ తిరుగుతాడు, టెండర్ ఒక మీటరు తాడు లోపలికి తీసుకుంటాడు. మళ్లీ వెనక్కి. తాడు ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. వదులైతే మధ్యలో నేల మిగిలిపోయినట్టే, అదెక్కడో ఎవరికీ తెలియదు.

టెండర్ రెండో పని, పలక మీద బొమ్మ గీయడం. ఎక్కడిదాకా వెతికాం, ఎక్కడ రాయి తగిలింది, బుడగలు ఎటు పోతున్నాయి. జట్టు మారినప్పుడు ఆ పలకే మాట్లాడుతుంది.

తాడు మధ్యలో ఆగి, మెత్తగా సాగుతుంటే ఏదో తగిలిందన్నమాట. గట్టిగా లాగొద్దు. డైవర్ సంకేతం కోసం ఆగండి.

లోతు, ఉరవడి మరీ ఎక్కువైతే డైవర్ ఒక్కడే సమాధానం కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ బోటు అక్టోబర్ 22న గానీ బయటికి రాలేదు. లంగర్లూ ఇనుప తాళ్లూ వేసి కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని లాగింది. విశాఖ నుంచి వెళ్లిన డైవర్లు కింద తాళ్లు కట్టే పనిలో సాయపడ్డారు.

ఎనిమిదో మెట్టు: పైకి తేవడం

దొరికింది సాటి డైవర్ అయితే, అతని నోట్లో రెగ్యులేటర్ ఉంటే అలాగే చేత్తో పట్టి ఉంచండి. లేకపోతే పెట్టే ప్రయత్నంలో సమయం పోగొట్టొద్దు. వెనక నుంచి పట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, అతని బీసీడీలో గాలితో మెల్లగా ఎక్కండి. నిమిషానికి 9 మీటర్లకు మించొద్దు. మీ ఊపిరి మాత్రం బిగబట్టకండి. పైకి వస్తున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. స్విమ్మింగ్ పూల్ అంత లోతులో కూడా బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. పైకి రాగానే ఇద్దరి వెయిట్ బెల్టులూ వదిలేయండి. సీసం పోతే పోయింది.

ఒడ్డుకి చేరాక మన దగ్గర జరిగే తప్పు ఒకటుంది. బోర్లా పడుకోబెట్టి కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం. రెండూ వద్దు. కడుపులోంచి వచ్చే నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, రెండు నుంచి ఐదుసార్లు. మునిగిన మనిషికి కావాల్సింది ముందు ఊపిరే. ఆ తర్వాత ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు, రెండు ఊపిరులు. ఆక్సిజన్ ఉంటే ఇప్పుడు పెట్టండి. పేపర్ వాళ్లు రాసే ఆ ఆక్సిజన్ సిలిండర్ అసలు అక్కరకొచ్చేది ఇక్కడ.

తొమ్మిదో మెట్టు: మీ ఒళ్లు

పైకొచ్చే ముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అలవాటు చేసుకోండి. రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి, లేకపోతే ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, మితిమీరిన నీరసం కనిపిస్తే అలసటలే అనుకోకండి. ఆక్సిజన్ పెట్టించుకుని, డైవింగ్ చేశానని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి. దీనికి మనిషిని మళ్లీ ఒత్తిడిలో ఉంచే గది, రీకంప్రెషన్ చాంబర్, కావాలి.

విశాఖవాళ్లం చేసే పొరపాటు ఇంకోటుంది. పొద్దున్న డైవ్, మధ్యాహ్నం అరకు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అనంతగిరి ఘాట్ ఇంకా పైకి పోతుంది. 300 మీటర్లు దాటిన ఎత్తుకి డైవ్ అయిన వెంటనే వెళ్లడం విమానం ఎక్కడం లాంటిదే. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగండి.

మన ఊళ్లోనే ఉన్న లోతైన పాఠం

ఇక్కడ చెప్పిన పరికరాలన్నీ 30 మీటర్లలోపు సంగతి. అంతకు మించిన లోతుల్లో పనిచేసేది నేవీ. 2025 జులై 18న విశాఖలో సేవలోకి వచ్చిన ఐఎన్‌ఎస్ నిస్తార్‌ని ఇక్కడి హిందుస్థాన్ షిప్‌యార్డే కట్టింది. 118 మీటర్ల ఈ ఓడ మీద 300 మీటర్ల లోతు దాకా సాచురేషన్ డైవింగ్ చేయొచ్చు. అంటే డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి ఉన్న గదుల్లోనే ఉండి పని చేస్తారు. మునిగిన జలాంతర్గామి నుంచి మనుషుల్ని తెచ్చే రెస్క్యూ వాహనానికి తల్లి ఓడ కూడా ఇదే. పేరు పాతది. 1971 డిసెంబర్‌లో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గర డైవింగ్ చేసింది మొదటి నిస్తార్. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడటానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, లోపలినుంచి బయటపడే ఆ ఇరుకు దారి చూపించి ఈ కథ చెప్పండి.

చివరి మెట్టు: కడుగుడు

ఉప్పుగాలి మన ఊరి పరికరాలకి పెద్ద జబ్బు. డైవ్ అవ్వగానే మంచినీళ్ల తొట్టెలో నానబెట్టండి. రెగ్యులేటర్ నానబెట్టే ముందు సిలిండర్‌కి బిగించే భాగానికి (మొదటి స్టేజ్) మూత పెట్టండి, నానుతుండగా గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కకండి, నీళ్లు లోపలికి పోతాయి. బీసీడీ లోపల కూడా కొంచెం నీళ్లు పోసి కుదిపి ఒంపేయాలి. జిప్‌లకి మైనం. మే నెల ఎండలో కారు డిక్కీలో నిండు సిలిండర్ వదలొద్దు. ఖాళీగా దాచేటప్పుడు 20, 30 బార్ మిగల్చండి, తేమ లోపలికి దూరదు. రెగ్యులేటర్‌కి ఏడాదికోసారి సర్వీసు.

తాడు మాత్రం ఎండలో ఆరేయకండి, నీడలో వేలాడదీయండి. ఆరాక మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్యలోంచి మెల్లగా జారనివ్వండి, గ్లౌజులు లేకుండా. ఎక్కడ గరుగ్గా తగిలిందో అక్కడ ఆపి చూడండి. పోగులు లేస్తే ఆ ముక్క అక్కడే కోసేయండి.